ఇల్లే ఈశాన్యానికి పోతోంది!

విద్యానగర్‌లో ఏ ఇల్లు చూపించినా మా నాన్న మొదటి ప్రశ్న ఒకటే: "ఈశాన్యం ఎటు?" ఈసారి చెప్పేశా, "నాన్నా, ఇల్లే ఈశాన్యానికి పోతోంది!"

జోక్ కాదు ఫ్రెండ్స్. మనమున్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. మనకి దగ్గర్లోనే, ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న జీపీఎస్ స్టేషన్ కొలిచేది దాన్నే.

జీపీఎస్ పక్కకి జరిగింది బాగా పట్టేస్తుంది. పైకీ కిందికీ కదిలితే మాత్రం అంత కచ్చితంగా చెప్పలేదు. అక్కడ పాత లెవెలింగే దిక్కు. ముందొక కొలబద్ద, వెనకొకటి, మధ్యలో దుర్భిణి. కిలోమీటరుకి తప్పు మిల్లీమీటర్లలోనే. కానీ దూరం పెరిగేకొద్దీ ఆ తప్పులు పోగవుతాయి. అప్పుడు మళ్లీ జీపీఎస్సే సరిచూస్తుంది. ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుందన్నమాట.

ఇంత తంటా ఎందుకంటారా? 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి కూలిపోయింది. దాదాపు 10 వేల మంది పోయారు. దక్కన్ గట్టి నేల అనుకున్న చోటే! ఆ కుదుపుకి ఇక్కడ మా వంటింట్లో గిన్నెలు మోగాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నేలంతా కలిసి కదిలితే భయం లేదు. పక్కపక్క నేలలు వేర్వేరుగా కదిలితేనే లోపల ఒత్తిడి పేరుకుంటుంది. మన దగ్గర ఆ తేడా చాలా చిన్నది. అందుకే ఏళ్ల తరబడి, అదే గుర్తు దగ్గర కొలవాలి.

ఎక్కడైనా రాయి మీద 'బీఎం' అని చెక్కి కనిపిస్తే పీకేయనివ్వకండి. రాయితో పాటు అన్నేళ్ల లెక్కా పోతుంది.