తెర వెడల్పు – మన లిపుల ఎత్తు

ఒక వస్తువును కొనునపుడు దాని కొలతను తెలిసికొనుట వివేకవంతుల లక్షణము. వస్త్రమును గజములలోను, ధాన్యమును తూకములోను కొలుచు మనము కంప్యూటరు మానిటరును మాత్రము మూల నుండి మూలకు పోవు ఒకే ఒక గీతతో కొలిచి తృప్తి పడుచున్నాము. ఆ గీత ఎంత పొడవైన తెర అంత పెద్దదని తలచుట సర్వసాధారణమైనది. ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిని పోషించు మనవంటి కళాశాలకు ఈ తలపు ఎంత నష్టదాయకమో విచారించుటయే మా ఉద్దేశము.

పూర్వము బల్ల క్రింది స్థలమునంతయు ఆక్రమించిన కంప్యూటరు పెట్టె నేడు ఒక లావుపాటి పుస్తకమంత పరిమాణమునకు తగ్గినది. 2005లో వెలువడిన మాక్ మినీ ఈ మార్పునకు ఒక ఉదాహరణము. ఇట్టి చిన్న కంప్యూటరుతో సాధారణముగా మానిటరు రాదు. కొనువారే దానిని ఎన్నుకొనవలెను. కాని చాలా చోట్ల పెట్టెను గూర్చి దీర్ఘముగా చర్చించి, తెరను మాత్రము చవక ధర చూచి తెచ్చుట పరిపాటియైనది. విద్యార్థి గంటల తరబడి చూచునది పెట్టెను కాదు, తెరను.

ఇక లెక్కకు వత్తము. ఒకప్పుడు వాడుకలో నుండిన 19 అంగుళముల తెర వెడల్పు, ఎత్తులు 5:4 నిష్పత్తిలో ఉండెడివి. దాని ఎత్తు సుమారు 11.9 అంగుళములు. నేటి వెడల్పు తెరలలో అధిక భాగము 16:9 నిష్పత్తికి చెందినవి. వీనిలో 21.5 అంగుళముల తెర ఎత్తు 10.5 అంగుళములు మాత్రమే. 24 అంగుళముల తెర ఎత్తు కూడ 11.8 అంగుళములకు మించదు. అనగా పేరుకు పెద్దదైన తెర ఎత్తున పాతదానికంటె పొట్టిదైనది! చలనచిత్రమునకు ఇది లోపము కాదు, అక్షరమునకు లోపమే.

ఏలయన, మన రెండు లిపులును ఎత్తుతో జీవించునవి. నస్తాలీఖ్ పద్ధతిలో ఉర్దూ పదము కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి వాలుచు దిగును. తెలుగు అక్షరము తలపై గుడిని, పాదముల క్రింద ఒత్తును ధరించును. ‘రాష్ట్రము’ అను మాటలో ఒక అక్షరము క్రింద రెండు ఒత్తులు చేరుచున్నవి. కావున ఒకే ఎత్తుగల తెరపై ఆంగ్లము కంటె మన పంక్తులు తక్కువగా పట్టును.

ఎత్తుతోపాటు స్పష్టతయు ముఖ్యము. ఉర్దూలో ‘బే’కు క్రింద ఒక నుక్తా, ‘పే’కు మూడు, ‘తే’కు పైన రెండు, ‘సే’కు మూడు. తెలుగున ద, ధలకును, డ, ఢలకును గల భేదము అడుగునగల చిన్న గీతయే. తెరపై బొమ్మను కూర్చునవి పిక్సెళ్ళు అనెడి చుక్కలు. 1920 అడ్డము, 1080 నిలువు చుక్కలు గల తెర 21.5 అంగుళములదైన అంగుళమునకు సుమారు 102 చుక్కలు పడును. 24 అంగుళములదైన 92. 27 అంగుళములదైన 82 మాత్రమే. చుక్కలు పెరుగక తెర మాత్రము పెరిగినచో అక్షరము పెద్దదగును గాని తేటపడదు.

మేము వెడల్పు తెరకు విరోధులము కాము. ఒక ప్రక్క ఉర్దూ మూలమును, మరియొక ప్రక్క తెలుగు అనువాదమును తెరచి పనిచేయు సౌకర్యము దానివలననే లభించినది. ఏ-4 కాగితము ఎత్తు 29.7 సెంటీమీటర్లు. 24 అంగుళముల 16:9 తెర ఎత్తు 29.9 సెంటీమీటర్లు; కాగితము పట్టును గాని, పైన ఆదేశముల పట్టీకి చోటుండదు. అదే 24 అంగుళములలో 16:10 నిష్పత్తి గల తెర ఎత్తు 32.3 సెంటీమీటర్లు, నిలువున 1080కి బదులు సాధారణముగా 1200 చుక్కలుండును. అట్టిది మనకు ఉత్తమము. దాని ధర అధికమైనచో, నిలువుగా త్రిప్పుటకును, పైకి క్రిందికి జరుపుటకును వీలగు స్టాండుగల 16:9 తెర మధ్యేమార్గము.

మరి రెండు జాగ్రత్తలు. కంప్యూటరుకును మానిటరుకును హెచ్.డి.ఎమ్.ఐ. లేక డిస్‌ప్లే పోర్టు వంటి ఒకే రకపు తీగ అమరునో లేదో ముందే చూడవలెను. చిన్న పెట్టెను మానిటరు వెనుక బిగింపదలచినచో, అందులకు కావలసిన 100 మిల్లీమీటర్ల ఎడముగల నాలుగు రంధ్రములను స్టాండే ఆక్రమించుచున్నదేమో పరిశీలింపవలెను.

ఇంత సూక్ష్మ విచారణ అవసరమా, తక్కువ ధరకు ఎక్కువ మానిటర్లు వచ్చుట మేలు గదా యని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. సంఖ్య ముఖ్యమే, కాదనము. అయితే తన లిపి తెరపై చిక్కుపడి కనుపించిన విద్యార్థి మాతృభాషను రోమను అక్షరములలో వ్రాయుటకు అలవాటుపడును. ఆ అలవాటు ఒక తరము సాగినచో నస్తాలీఖ్ గోడలపైనను, తెలుగు ఒత్తులు పాత పుస్తకములలోను మిగులును. పది మసక తెరల కంటె ఎనిమిది తేట తెరలే భాషకు మేలు చేయునని మా దృఢాభిప్రాయము.

కావున కార్యవర్గ సభ్యులకు మా విన్నపము ఒక్కటే. అంగడిలో రంగుల బొమ్మను చూచి తెరను ఎన్నుకొనవలదు. ఒక ఉర్దూ పుటను, ఒక తెలుగు పుటను దానిపై తెరపించి, మామూలు దూరమున కూర్చుండి, ఒక విద్యార్థినిచేతను, ఒక విద్యార్థిచేతను చదివింపుడు. నుక్తాయు ఒత్తును తడబాటు లేక కనుపించిన తెరయే మన కళాశాలకు తగిన తెర.