ముందు స్టేషన్లు, తర్వాతే పట్టాలు
హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదటి స్టేషన్ టికియాపారా. టైమ్‌టేబుల్‌ను ఎక్సెల్‌లో పెడితే ఆ పేరు రైలు రైలుకూ మళ్లీ రాయాలి; నియోఫోర్‌జే లాంటి గ్రాఫ్ డేటాబేస్‌లో అది ఒకే ఒక్క నోడ్. ఈ తేడా పట్టించుకోకుండా 10,48,576 వరుసల నిండు షీట్‌ను ఒక్కపెట్టున కుమ్మరించి, నియోఫోర్‌జే నత్తనడక నడుస్తోందని తిట్టడం అన్యాయం. యునీక్ కన్‌స్ట్రెయింటో ఇండెక్సో లేకపోతే ప్రతి మెర్జ్ ఆదేశానికీ అది ఆ లేబుల్ ఉన్న నోడ్లన్నీ గాలించాల్సిందే. షీట్‌ను సీఎస్‌వీగా మార్చండి, స్టేషన్ కోడ్‌కు కన్‌స్ట్రెయింట్ పెట్టండి, ముందు నోడ్లు, తర్వాత బంధాలు విడతలవారీగా ఎక్కించండి. ఖాళీ డేటాబేస్‌లోకి కోట్ల వరుసలు పోయాలంటే నియోఫోర్‌జే అడ్మిన్ ఇంపోర్ట్ సాధనం మేలు. ర్యామ్ కొనే ముందు కాగితం మీద గ్రాఫ్ గీయండి. పైసా ఖర్చులేని వేగం అక్కడే దొరుకుతుంది.