సర్టిఫికెట్టు వేరు, లైసెన్సు వేరు

ఈ మాసం మన 'చదువు-సంధ్యలు' శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి హోసూరు నుండి ఒక పెద్దమ్మగారు వ్రాసినది. రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక, ఈసారి శీర్షిక అంతా దానికే వినియోగిస్తున్నాను.

ఆమె మనుమరాలు బెంగుళూరులో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదివింది. పెండ్లయి, భర్తతో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రానికి వెళ్ళింది. అక్కడ కౌన్సెలరుగా, అంటే మనసు నలిగినవారి మాట విని దారి చూపే వృత్తిలో స్థిరపడాలని ఆ పిల్ల కోరిక. ఒక సంస్థవారు నాలుగైదు కోర్సుల సర్టిఫికెట్టు చదివితే లైసెన్సుకు దారి పడుతుందన్నారట. "రుసుము చాలా ఎక్కువ. నా గాజులు అమ్మి కొంత పంపుదామనుకుంటున్నాను. కట్టవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, ప్రస్తుతానికి గాజులు చేతికే ఉండనివ్వండి. ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

అమెరికాలో కౌన్సెలరు లైసెన్సు దేశమంతటికీ ఒకటి కాదు. ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానిదే. 1976లో వర్జీనియా మొదట చట్టం చేసింది. 2009లో కాలిఫోర్నియా అందరికన్న చివర చేసింది. సర్టిఫికెట్టు ఇచ్చేది కళాశాల, లైసెన్సు ఇచ్చేది రాష్ట్రపు బోర్డు. ఒకరిచ్చిన కాగితాన్ని రెండవవారు ఒప్పుకొని తీరాలన్న నియమం లేదు.

టెక్సాసు సంగతే చూద్దాం. అక్కడ కౌన్సెలింగులో గాని, దానికి దగ్గరి విషయంలో గాని 60 సెమిస్టరు క్రెడిట్ల మాస్టర్సు చదువు ఉండాలి. ఒక్కొక్క కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు కనుక ఇది ఇరవై కోర్సుల చదువు. అందులో భాగంగానే 300 గంటల ప్రాక్టికం చేయాలి. ఆ గంటలలో 100 మనుషుల ఎదుట కూర్చుని కౌన్సెలింగు చేసినవి కావాలి. తరువాత జాతీయ పరీక్ష, రాష్ట్ర చట్టం మీద మరొక పరీక్ష. అవి అయ్యాక అసోసియేటు లైసెన్సు పుచ్చుకుని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 3,000 గంటలు పని చేయాలి. వాటిలో 1,500 గంటలు ఎదుటి మనిషితో గడిపినవై ఉండాలి. ఎంత త్వరగా చేసినా 18 నెలలకు తక్కువ కారాదు. అప్పటికి గాని పూర్తి లైసెన్సు రాదు.

మరి సర్టిఫికెట్టు ఎవరి కోసం పుట్టింది? ఒకప్పుడు అనేక రాష్ట్రాలలో 48 క్రెడిట్ల చదువే చాలేది. అది 60 అయిన తరువాత, పాత చదువువారికి 12 క్రెడిట్లు తక్కువపడ్డాయి. ఆ లోటు పూడ్చడానికి మాస్టర్సు తరువాత చదివే సర్టిఫికెట్లు అక్కరకు వచ్చాయి. గోడలు, కప్పు ఉన్న ఇంటికి తలుపు చేయించడం వంటిదిది. గోడలే లేనిచోట తలుపు ఎక్కడ బిగిస్తాము? పైగా అన్ని రాష్ట్రాలూ ఈ అతుకును ఒప్పవు. కాలిఫోర్నియాలో ఇప్పుడు చేరేవారికి 60 క్రెడిట్లూ ఒకే డిగ్రీలో ఉండాలి.

ఇట్టి సర్టిఫికెట్టులో చేరడానికి సాధారణంగా అడిగేవి ఇవి: కౌన్సెలింగులోనో దగ్గరి విషయంలోనో మాస్టర్సు డిగ్రీ, నాలుగుకు మూడు పాయింట్ల సగటు, విదేశపు డిగ్రీకి సమానత నిర్ణయపత్రం, రెండు మూడు సిఫారసు ఉత్తరాలు, "ఈ వృత్తి ఎందుకు?" అని స్వయంగా వ్రాసిన వ్యాసం, ముఖాముఖి, కొన్నిచోట్ల ఇంగ్లీషు పరీక్ష, నేరచరిత్ర విచారణ. మన ఎం.ఏ. సైకాలజీని దగ్గరి విషయంగా ఎంచుతారా లేదా అన్నది కళాశాలను బట్టి మారుతుంది. కళాశాల చేర్చుకున్నంత మాత్రాన బోర్డు ఒప్పుకున్నట్టూ కాదు.

ఈ మాట ఇంతగా చెప్పడానికి కారణముంది. మా మేనకోడలు మరొక రాష్ట్రంలో ఇట్లే ఒక ఏడాది సర్టిఫికెట్టు చదివింది. అందులో ప్రాక్టికం లేదు. బోర్డు దరఖాస్తు తిప్పి పంపింది. ఆ రాత్రి తల్లికి ఫోను చేసి, "నేను చదివిందంతా ఏమైనట్టమ్మా?" అని ఏడ్చింది. తరువాత మొదటి నుండి మాస్టర్సులో చేరి పూర్తి చేసిందనుకోండి. ఒక్క ఉత్తరంతో తప్పేదానికి ఏడాదీ, డబ్బూ పోయాయి.

అందుచేత మీ మనుమరాలిని రుసుము కట్టకముందే టెక్సాసు బోర్డుకు ఒక ఉత్తరం వ్రాయమనండి. "నా ఎం.ఏ.కు ఈ సర్టిఫికెట్టు కలిపితే లైసెన్సుకు అర్హురాలినవుతానా? ఏయే కోర్సులు తక్కువపడతాయి?" అని అడిగి, జవాబు వ్రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. కాదంటే, ఆ డబ్బును 60 క్రెడిట్ల మాస్టర్సుకే పెట్టడం మేలు.

వీసా మాట కూడా ఉంది. భర్త ఉద్యోగాన్ని బట్టి హెచ్-4 వీసా మీద వెళ్ళినవారు చదువుకోవచ్చును గాని, పని చేయడానికి విడిగా అనుమతి కావాలి. ఆ 3,000 గంటలు పని క్రిందికే వస్తాయి. చదువు చివర ఈ గోడ అడ్డు రాకుండా ఇప్పుడే విచారించుకోవాలి.

ఇక మీరు ఇక్కడ నుండి చేయగల సాయం గాజులకన్న విలువైనది. ఎవరినైనా తోడు తీసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్ళి, సీలు వేసిన మార్కుల పత్రాలు, ప్రతి పేపరుకూ పూర్తి సిలబసు, ప్రాక్టికల్సు గంటలకు అధ్యాపకుల సంతకంతో ధ్రువపత్రం సంపాదించండి. అధ్యాపకులు పదవీ విరమణ చేసి వెళ్ళిపోకముందే ఈ పని కావాలి. మన ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక అక్షరమై ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెండ్లయ్యాక మారిపోతుంది. మూడూ ఒక మనిషివేనని చూపడానికి వివాహ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచండి.

ఇంత పొడవైన దారా అని బెంగపడకండి. వెనుకటి ఇళ్ళలో కోడళ్ళ కష్టసుఖాలు వినే పెద్దావిడకు ఏ సర్టిఫికెట్టూ లేదు. కాని ఆమెకు ఆ ఇంటి మూడు తరాలూ తెలుసు. కౌన్సెలరు ముందు కూర్చునేది ముక్కూ మొగమూ తెలియని మనిషి. తన బ్రతుకు విప్పి చెప్పుకునే మనిషి నష్టపోకూడదనే ఇన్ని గంటల సాధన పెట్టారు. ఆ సాధన ముగించి, తెలుగులో కూడా ఓదార్చగల పిల్ల అక్కడ ఒకతె ఉంటే, దూరదేశంలో నోరు విప్పలేని మనవారికి ఎంత ఊరట!

బోర్డు జవాబు వచ్చాక నాకొక కార్డు ముక్క వ్రాయండి. అమ్మాయికి నా ఆశీస్సులు.