ఒళ్లు ఆదిభట్లది... రెక్కలు అరిజోనావి!

శంషాబాద్‌ ఎయిర్‌పోర్టు దగ్గర ఔటర్‌ రింగ్‌ రోడ్డెక్కి, మంఖాల్‌, తుక్కుగూడలను దాటుకుంటూ తూర్పుకి సాగితే ఆదిభట్ల వస్తుంది. ఒకప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గరి మామూలు పల్లె. ఇప్పుడు అమెరికా సైన్యం వాడే అపాచీ యుద్ధ హెలికాప్టర్‌ ఒళ్లు తయారయ్యేది ఇక్కడే.

టాటా, బోయింగ్‌ కలిసి పెట్టిన ఈ ఫ్యాక్టరీని 2018 మార్చిలో అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్‌ ప్రారంభించారు. మూడు నెలలు తిరిగేసరికి తొలి ఫ్యూజిలేజ్‌, అంటే ఇంజిన్లూ రెక్కలూ ఆయుధాలూ లేని ఉత్త బాడీ, అరిజోనాలోని మెసాకి బయల్దేరింది. అక్కడ బోయింగ్‌ వాళ్లు మిగతావన్నీ బిగించి ఎగరేస్తారు. 2025 నాటికి అలా వెళ్లినవి 300.

బాడీయే కదా అని తీసిపారేయడానికి లేదు. అపాచీ గొప్పతనంలో సగం అందులోనే ఉంది. మామూలు హెలికాప్టర్‌లో పైలెట్లు పక్కపక్కన కూర్చుంటారు. ఇందులో ఒకరి వెనక ఒకరు. ముందు గన్నర్‌, వెనక కాస్త ఎత్తులో పైలెట్‌. దాంతో ఒళ్లు సన్నబడి, ఎదుటివాళ్లకి గురి దొరకడం కష్టమవుతుంది. ఇద్దరి మధ్యా అడ్డుగోడ ఉంటుంది, ఒక దెబ్బకి ఇద్దరూ పోకుండా. ఇంజిన్లు రెండూ చెరో పక్కనా దూరంగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

ఇక గన్‌ సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. ముక్కు కింద వేలాడే 30 మిల్లీమీటర్ల చెయిన్‌గన్‌ని హెల్మెట్‌తో జతచేసుకోవచ్చు. తల ఎటు తిప్పితే గన్‌ అటు తిరుగుతుంది. కుడికంటి ముందు చిన్న అద్దం. అందులో చీకట్లోని దృశ్యాలూ, వేగం, ఎత్తూ కనిపిస్తుంటాయి. ఎడమకన్ను మాత్రం మామూలుగా బయటికి చూస్తుండాలి. ఒక కన్ను ఒకటి, రెండో కన్ను ఇంకోటి చూడటం అలవాటయ్యేదాకా తలనొప్పులు తప్పవంటారు పైలెట్లు. వీటికి తోడు 16 హెల్‌ఫైర్‌ క్షిపణులు మోయగలదు.

1991 జనవరి 17 తెల్లవారకముందే 8 అపాచీలు ఇరాక్‌ రాడార్లను పేల్చి గల్ఫ్‌ యుద్ధానికి దారి తెరిచాయి. ఆ పేరు ప్రపంచమంతా మోగింది. అదే ఇరాక్‌లో 2003 మార్చిలో, కర్బలా దగ్గర సీను తిరగబడింది. ఊళ్లో దీపాలు ఒక్కసారిగా ఆరి, మళ్లీ వెలిగాయి. అది సంకేతం. ఇళ్ల మధ్యనుంచి మామూలు తుపాకులతో కాల్పులు మొదలయ్యాయి. ఒక అపాచీ కూలింది, ఇద్దరు పైలెట్లు బందీలయ్యారు. మిగతావాటిలో దాదాపు అన్నీ తూట్లుపడ్డాయి. కానీ తిరిగొచ్చాయి. ఒంటి గట్టిదనం అంటే అదీ!

మన వాయుసేన 2015లో 22 అపాచీలు కొంది. 2019 సెప్టెంబరు 3న పఠాన్‌కోట్‌లో మొదటి ఎనిమిదీ చేరాయి. 2020లో సైన్యం తనకోసం మరో ఆరు అడిగింది. వాటి బాడీల్లో మొదటిది 2023 జనవరిలో ఆదిభట్ల నుంచి కదిలింది. అరిజోనా చుట్టి, తొలి మూడు హెలికాప్టర్లు హిండన్‌లో దిగేసరికి 2025 జులై! పైలెట్లు సిద్ధంగా, జోధ్‌పూర్‌ స్క్వాడ్రన్‌ ఖాళీగా ఏడాదికిపైగా ఎదురుచూశాయి. ఒళ్లు మనదైనా తాళంచెవి మరొకరి చేతిలో ఉంటే ఇదే ఇబ్బంది. అందుకే హెచ్‌ఏఎల్‌ తయారీ 'ప్రచండ్‌' మీద ఆశలు పెరిగాయి. కార్గిల్‌ యుద్ధంలో కొండల మీదికి వెళ్లిన మన ఎంఐ-17 కూలిపోయాక పుట్టిన ఆలోచన అది. బరువు తక్కువ కాబట్టి సియాచిన్‌ ఎత్తుల్లోనూ దిగి లేవగలదు. 2025 మార్చిలో ప్రభుత్వం 156 ప్రచండ్‌లకి ఆర్డరిచ్చింది.

ఇంతకీ ఈ హెలికాప్టర్ల కాలం ఇంకెన్నాళ్లు? ఉక్రెయిన్‌ యుద్ధంలో రష్యా కేఏ-52లు భుజం మీంచి పేల్చే క్షిపణులకు వరుసగా కూలాయి. జపాన్‌ అయితే 2022లోనే వీటికి బదులు డ్రోన్లు చాలనేసింది. అమెరికా మాత్రం అపాచీ నుంచే డ్రోన్లను నడిపించే పనిలో ఉంది. అక్కడి సైన్యం మనసు మార్చుకోనంత వరకూ ఆదిభట్లలో పనికి లోటుండదు.