ఆచారం ఎవరి సొత్తు?

కోర్టు దూరం, భాష పరాయిది, వాయిదాలకు అంతులేదు. అందుకే ఆదివాసీ తగవులు ఆదివాసీ గ్రామంలోనే తీరాలన్న డిమాండును నేను బలపరుస్తాను. 1996 పెసా చట్టం ఆ అధికారం గ్రామసభకు ఉందని గుర్తించింది. గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్న స్త్రీలు కూడా. మరి తీర్పు చెప్పే చోట మగ పెద్దలే ఎందుకు?

1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆ సందులో ‘మా ఆచారం’ అంటూ కూతురికి భూమి ఎగ్గొడుతున్నారు. అలాంటి ఆచారం ఉందని రుజువు కాకుండా వాటా నిరాకరించడం వివక్షేనని 2025లో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రతి కూతురూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాలా? ఆచారం మగవాళ్ల సొత్తు కాదు. ఆదివాసీ స్త్రీలు కూర్చోని పంచాయితీ తీర్పును గ్రామసభ అంగీకరించకూడదు. న్యాయ సంస్కరణకు మన మొదటి షరతు ఇదే కావాలి.