తెగిన తీగ అతుకుతుంది



తీగల ఇయర్‌ఫోన్లకు కాలం చెల్లిందని మీ పత్రిక వ్యాసకర్త తేల్చేశారు. నేనొప్పుకోను. వంట చేస్తూ ఫోన్ మాట్లాడాలంటే తీగ లేకపోవడమే హాయి, కాదనను. మరి మన్నిక మాటేమిటి?

తీగది ఎక్కువగా పాడయ్యేది పిన్ను మొదట్లోనే, జేబులో మడతపడే చోట. లోపలి సన్నటి రాగి పోగుల మీద రంగుల ఎనామిల్ పూత ఉంటుంది. దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి, కొత్త పిన్ను అతికితే మళ్లీ పలుకుతుంది. ఆ పిన్నులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

వైర్‌లెస్‌ బడ్‌లో గింజంత లిథియం బ్యాటరీ ఉంటుంది. చార్జ్ చేసేకొద్దీ దాని సత్తువ తగ్గిపోతుంది. జిగురుతో మూసేసిన డొప్ప విప్పబోతే పగులుతుంది. మా సంతోష్‌నగర్‌లో రిపేరుకిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. ఐఎస్ సదన్ చౌరస్తాలో బస్సెక్కే తోపులాటలో ఒక బడ్ జారిపడితే రెండోది ఉన్నా జత పోయినట్లే.

2016లో ఆపిల్ ఐఫోన్ 7లో 3.5 మిల్లీమీటర్ల జాక్ తీసేసి, అదే వేదిక మీద ఎయిర్‌పాడ్స్ చూపించింది. జనం తీగ వద్దనుకున్నారనడం కన్నా, గుచ్చే చోటే లేకుండా చేశారనడం న్యాయం.

ఐరోపా సమాఖ్య 2023 నాటి బ్యాటరీ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకునే వీలుండాలి. మనకూ అలాంటి చట్టం కావాలి. అందాకా తక్కువ ధర ఫోన్లలోనైనా జాక్ తీసేయకూడదు.

- ఒక పాఠకుడు, సంతోష్‌నగర్, హైదరాబాద్