రోడ్డంటే ప్రొడక్షన్ సర్వర్ రా నాయనా!

ముందే చెప్పేస్తున్నా, నేను స్పీడుకి వ్యతిరేకిని కాను. ఈ రోజుకీ మాన్యువల్ గేరు కారే నడుపుతాను. డ్రాగ్ రేసింగ్ అంటే చెవి కోసుకుంటాను. కాబట్టి "ఎవరో నీతులు చెప్పే అంకుల్ దొరికాడు" అని పేజీ మూసేయకండి. నా గొడవ వేరే.

మాది కల్వకుర్తి. 1989లో ఎన్టీఆర్‌ని ఓడించిన ఊరు అంటే పెద్దవాళ్ళకి టక్కున గుర్తొస్తుంది. కుర్రాళ్ళకి మాత్రం శ్రీశైలం పోతుంటే బోర్డు మీద కనిపించే పేరు, అంతే. శనివారం తెల్లవారుజామున 765 నెంబరు జాతీయ రహదారి మీద కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటుకుంటూ వచ్చే కార్లలో మన ఐటీ జనం బాగానే ఉంటారు. అందరూ కాదు గానీ కొందరు, రోడ్డు ఖాళీగా కనిపించగానే రెండు కార్లు పక్కపక్కన నిలబెడతారు. ఒకడు దిగి చెయ్యి ఊపుతాడు, ఇంకొకడు ఫోన్లో వీడియో తీస్తాడు, రయ్యిమని వదులుతారు. ఆ రోడ్డు బోరు కొడితే ప్లాట్లు అమ్ముడుపోయి ఇళ్ళు లేవని వెంచర్లు ఎలాగూ ఉన్నాయి, వాటి లోపలి రోడ్లు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు "లాంచ్".

నేను రెండు మాటలు చెప్తా. ఒకటి, మీరు చేసేది లాంచే కాదు. రెండు, అదే పని సరైన చోట నేర్చుకుంటాం అంటే చోటు చూపించని వాళ్ళకి మిమ్మల్ని తిట్టే హక్కు సగమే ఉంది.

మొదటిది చూద్దాం. ఆఫీసు క్యాంటీన్లో ఎవరినైనా అడగండి. "ఏముంది బాసూ, అయిదు వేల ఆర్పీఎం పెట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలేయడమే" అంటాడు. మన హ్యాచ్‌బ్యాక్‌లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవే. కారు ముందుకి దూకగానే బరువు వెనక్కి జరుగుతుంది. అంటే పని చేయాల్సిన చక్రాల మీదే బరువు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే టార్కంతా కుమ్మరిస్తే టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పొగ వస్తుంది, కీచుమని చప్పుడు వస్తుంది, టైము మాత్రం పోతుంది. టైరు కొంచెం జారుతున్నప్పుడు, చక్రం వేగం కారు వేగం కన్నా పది ఇరవై శాతం ఎక్కువగా ఉన్నప్పుడు, పట్టు గరిష్ఠంగా ఉంటుంది. కారుని ఆ కాస్త జారుడు దగ్గర నిలబెట్టడమే లాంచ్. 1200 సీసీ పెట్రోలు కారైతే రెండున్నర, మూడు వేల ఆర్పీఎం దగ్గర మొదలుపెట్టి, క్లచ్ పట్టే చోట ఒక్క క్షణం ఆపి, పట్టు దొరుకుతున్న కొద్దీ ఎడమకాలు పైకి వదలాలి, కుడికాలు కిందికి తొక్కాలి. ఈ అంకెలు కూడా కారుని బట్టి, టైరుని బట్టి మారతాయి.

ఇంకో లెక్క. టన్ను బరువున్న కారు, గంటకి 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి క్లచ్ పూర్తిగా పట్టుకుంది అనుకుందాం. అప్పటికి కారుకి దొరికిన గతిశక్తి సుమారు 25 కిలోజౌళ్ళు. ఇంజను వేగం స్థిరంగా పెట్టి క్లచ్ జారిస్తే, దాదాపు అంతే శక్తి క్లచ్ ప్లేటులో వేడిగా పోతుంది. ఒక చిన్న గ్లాసు చాయ్ నీళ్ళు మరిగించేంత వేడి, ఒకటి రెండు సెకన్లలో, పల్చటి ప్లేటు మీద. పదిసార్లు వరసగా చేస్తే వాసన ఎందుకొస్తుందో ఇప్పుడర్థమైందా? ఆ తర్వాత సర్వీసు సెంటర్లో "వారంటీ ఇవ్వట్లేదు" అని గొడవ పెట్టుకోవడం ఎందుకు?

నిజంగా క్లచ్ తెలిసిన మనిషిని చూడాలంటే మా ఊరి ఆర్టీసీ బస్సు ఎక్కండి. నిలబడ్డానికి చోటు లేనంత జనంతో, ఎక్కుడు మీద ఆపిన బస్సుని ఒక్క ముసలమ్మ కూడా వెనక్కి తూలకుండా కదిలిస్తాడు డ్రైవరన్న. పట్టు ఎక్కడ మొదలవుతుందో ఆయన పాదానికి తెలుసు. డ్రాగ్ రేసరు చేసేది కూడా అదే పని, కాకపోతే తొందరగా చేస్తాడు.

ఇక రోడ్డు సంగతి. డ్రాగ్ రేసులో పాతకాలం నుంచీ ఉన్న దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. మామూలు హ్యాచ్‌బ్యాక్ ఆ దూరం పద్దెనిమిది, పంతొమ్మిది సెకన్లలో పోతుంది. చివర్లో వేగం గంటకి 120 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ వేగంలో సెకనుకి 33 మీటర్లు. ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఒక సెకను. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 70 మీటర్లు. మొత్తం వంద దాటింది. రాత్రిపూట లో బీమ్ వెలుతురు అందులో సగం దూరం కూడా సరిగ్గా చూపించదు.

ఆ వంద మీటర్లలో మా దగ్గర ఏముంటాయో తెలుసా? కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళొచ్చాక వరి పెరిగింది, కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ పెట్టిన రాళ్ళు చీకట్లో కనపడవు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది. గొర్ల మంద ఉంటుంది. పొలం నుంచి బండి మీద ఇంటికొచ్చే మనిషి ఉంటాడు. ఆయనకి మీ రేసు గురించి ఎవరూ మెయిల్ పెట్టలేదు.

మనమంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళమే కదా. టెస్ట్ చేయని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెట్టిన వాడిని ఏమంటాం? వాడికి కనీసం రోల్‌బ్యాక్ ఉంటుంది. రోడ్డు మీద రోల్‌బ్యాక్ ఏది?

"చట్టాలు చేస్తే ఆగుతుందా?" అంటారు. 1988 మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే ఆ సెక్షన్‌లో ఎవరూ చదవని ముక్క ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం పెడితేనే నేరం. అంటే అనుమతి ఇచ్చే దారి చట్టంలోనే ఉంది. అడిగేవాడూ లేడు, ఇచ్చేవాడూ లేడు.

అమెరికాలో కూడా కుర్రాళ్ళు మొదట రోడ్ల మీదే పడ్డారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టింది వాళ్ళని వీధుల్లోంచి స్ట్రిప్‌కి తీసుకుపోవడానికే. అంత దూరం ఎందుకు, మద్రాసు పక్కన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. ఆ తర్వాతే 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది.

డల్లాస్‌లో ఉన్న రోజుల్లో ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్‌కి పోయేవాణ్ణి. 1986 నాటి స్ట్రిప్ అది. మామూలు జనం ఇంటి కారుతోనే వస్తారు. కారు తనిఖీ చేస్తారు, పక్కన అంబులెన్సు, గీత దాటాక ఆగడానికి బోలెడంత దూరం. అక్కడ నాకు నచ్చింది బ్రాకెట్ రేసింగ్. నీ కారు ఎంత టైములో పోతుందో ముందే రాసివ్వాలి. నెమ్మది కారుకి ఆ తేడా అంత ముందు పచ్చలైటు వెలుగుతుంది. రాసిచ్చిన దానికన్నా తక్కువ టైములో పోతే ఓడిపోయినట్టే. కాబట్టి వ్యాగన్ఆర్ బీఎండబ్ల్యూని శుభ్రంగా ఓడించొచ్చు. మన ఎస్టిమేట్‌లకి ఈ రూలు పెడితే ఎంతమంది రెండో రౌండుకి పోతారో మీరే ఆలోచించండి :)

"ఎలక్ట్రిక్ కార్లొచ్చాక క్లచ్ ఎవడికి కావాలి?" అనే వాళ్ళకి: నిజమే, అవి మాన్యువల్ కన్నా తొందరగా లేస్తాయి. లిఫ్టు వచ్చిందని కొండ ఎక్కేవాళ్ళు మానేశారా?

"ఇది డబ్బున్నోళ్ళ ఆట" అనే వాళ్ళకి: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసి ఫార్ములా ఈ రేసు జరిపారు. క్లచ్ పెడలే లేని కార్లకి రాజధాని నడిబొడ్డు ఇవ్వగలిగాం. సొంత కారుతో వచ్చే మన పిల్లలకి నెలకి ఒక ఆదివారం, ఒక కిలోమీటరు తిన్నటి దారి ఇవ్వలేమా? రైతు భూమి ఒక్క గుంట కూడా అడగట్లేదు. ఉన్న రోడ్డుని కొన్ని గంటలు రెండు వైపులా మూసి, కంచె కట్టి, అంబులెన్సు పెట్టి, హెల్మెట్ లేనివాణ్ణి వెనక్కి పంపితే చాలు. ఖర్చు ఎంట్రీ ఫీజులో రాబట్టుకోండి. క్రికెట్ టోర్నమెంటుకి స్పాన్సర్ చేసే మన కంపెనీలు దీనికి చేస్తే తప్పేముంది?

అది వచ్చేదాకా ఏం చేయాలి? చెన్నైకి పోండి, అక్కడి ట్రాక్‌లో డ్రాగ్ పోటీలు జరుగుతుంటాయి. ఓపిక లేదా, పార్కింగులో ఏటవాలు మీద హ్యాండ్‌బ్రేకు లేకుండా, అంగుళం వెనక్కి పోకుండా కారు కదిలించడం సాధన చేయండి. అది వచ్చాక లాంచ్ గురించి మాట్లాడుకుందాం. శ్రీశైలం దారిలో మా ఊరి దగ్గర మాత్రం మూడో గేరులో మెల్లగా పోండి. అక్కడ రోడ్డు దాటేవాళ్ళు మావాళ్ళు.

ఒప్పుకోని వాళ్ళు తిట్టొచ్చు. కానీ పైన రాసిన లెక్కలో తప్పెక్కడుందో చూపించి తిట్టండి.